రెండో నీడ

పరాంకుశం మా ఇంటికి వచ్చిన రోజు నేను ఆయనకు మంచినీళ్ళు ఇవ్వలేదు. కుండ పక్కనే ఉంది. దాని మీద గ్లాసు బోర్లించి ఉంది. ఆయన రెండుసార్లు కుండ వైపు చూశాడు. నేను కదల్లేదు.

"చూడు కేశవులూ, ఆ నోటుపుస్తకం నాకిచ్చెయ్. పని జరిగిపోతుంది. ఇక ఎవరికీ ఏమీ కాదు," అన్నాడు.

ఆయన శీతలఛత్రం ప్రాజెక్టుకు డైరెక్టరు. నేను అదే ప్రాజెక్టులో నీడ కొలిచేవాణ్ణి. నా భార్య తిరపతమ్మ మే ఏడో తారీఖున చచ్చిపోయింది. ఆయన వచ్చింది సెప్టెంబరు ఎనిమిదిన. ఆయన ఆఫీసు నుంచి మా రాళ్ళవాగుపాడుకు పదకొండు కిలోమీటర్లు. ఆ పదకొండు కిలోమీటర్లు రావడానికి ఆయన కారుకు నాలుగు నెలలు పట్టింది.

పుస్తకంలో ఏముందో తెలియాలంటే ముందు గొడుగు సంగతి తెలియాలి. దాని సర్కారు పేరు శీతలఛత్రం. మా ఊళ్ళో గొడుగు అనే అంటారు.

గొడుగు రాకముందు మూడేళ్ళు వరసగా మా వైపు ఎండ నలభై తొమ్మిది డిగ్రీలు దాటింది. కోళ్ళు పోయాయి, గేదెలు పోయాయి, తర్వాత మనుషులు. భూమి ఒరిగి తిరుగుతుంది, ఆ వాలును సరిచేయడం మన వల్ల కాదు, ఎండనే పక్కకు మళ్ళిద్దాం అన్నారు చదువుకున్నవాళ్ళు. ఇరవై కిలోమీటర్ల ఎత్తున బెలూన్లు నిలిపారు. వాటికి వెండి రేకులు వేలాడదీశారు. ఒక్కో రేకు పెళ్ళిపందిరంత. అవి లక్షల్లో ఉన్నాయి, రెండు వరసలుగా, ఒకదాని కింద ఒకటి. సూర్యుడున్న ఎత్తును బట్టి రేకు వంగాలి. సరిగ్గా వంగితే ఎండలో మూడో వంతు తిరిగి పైకి పోతుంది, కింద మే నెలలో కూడా మాఘమాసం. వంపు తప్పితే కింది వరస తోసేసిన ఎండను పై వరస పట్టుకుని నేల మీద పోస్తుంది. అప్పుడు మనిషి మీద పడేది ఒక ఎండ కాదు. రెండు.

రేకులు రోజుకొక మెట్టు కదలాలి. సూర్యుడు దక్షిణపు కొసకు పోయి వెనక్కి మళ్ళే రోజున మొదటి మెట్టు. ఆ రోజు డిసెంబరు ఇరవై రెండు.

ఇది నాకు డాక్టరేట్లు ఉన్నవాళ్ళు చెప్పలేదు. మస్తానయ్య మేస్టారు చెప్పారు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆయన ఒక తాటికాయకు చీపురుపుల్ల వాలుగా గుచ్చి నా చేతికిచ్చారు. బల్ల మీద లాంతరు పెట్టారు.

"దీన్ని లాంతరు చుట్టూ తిప్పరా. పుల్ల వాలు మారిందా, వీపు విమానం మోత మోగుద్ది."

తిప్పాను. ఇటు పక్క ఉన్నప్పుడు పుల్ల కొన లాంతరు వైపు వాలి ఉంది. అటు పక్కకు పోయేసరికి అదే పుల్ల లాంతరుకు దూరంగా వాలింది. నేను పుల్లను ముట్టుకోలేదు.

"అంతేరా ఎండాకాలం, చలికాలం. వాలు అదే. మనం ఉన్న చోటే మారిద్ది," అన్నారు మేస్టారు.

ఆయనే బడి ఆవరణలో నాలుగడుగుల ఇనుప కడ్డీ పాతించారు. చుట్టూ సిమెంటు చేయించారు. రోజూ మిట్టమధ్యాహ్నం కడ్డీ నీడ కొన దగ్గర సుద్దతో గీత గీయించేవారు. డిసెంబరు ఇరవై రెండున నీడ అన్నిటికన్నా పొడుగు, నలభై అంగుళాలు. మర్నాటి నుంచి తగ్గుతుంది. ఏడో తరగతితో నా చదువు ఆగింది. గీతలు ఆగలేదు. మేస్టారు పోయాక కూడా పొలం నుంచి వచ్చి కొలిచి పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ప్రాజెక్టువాళ్ళు ఆ పుస్తకాలు చూసే నన్ను పనిలో పెట్టుకున్నారు.

గొడుగు మొదలుపెట్టబోయే ఆ డిసెంబరు ఇరవై రెండున ఇంజనీరు ఇందుమతి కడ్డీ దగ్గరికి వచ్చింది. రేకులు కదిపే లెక్కలు ఆ పిల్లవే.

"మలుపు ఇవాళే కదా బాబాయ్. రేకులన్నీ సిద్ధంగా ఉన్నాయి. డైరెక్టర్ గారు పెద్దపండగ దాకా ఆపమంటున్నారు. మంత్రిగారు వచ్చి మీట నొక్కాలట."

"పండగ జనవరి పదిహేనున కదమ్మా?"

"అవును. సూర్యుడు ఉత్తరానికి మళ్ళే రోజు అదే అని ఆహ్వానపత్రికలో వేశారు."

మర్నాడు నేను ఇందుమతితో కలిసి ఆఫీసుకు పోయాను. పరాంకుశం గదిలో మరో నలుగురున్నారు. టీలు తాగుతున్నారు.

"నీడ నిన్ననే మళ్ళింది సార్. పంచాంగం లెక్క పాతది. తిరిగే బొంగరం తల ఊగినట్టు భూమి తల కూడా మెల్లగా ఊగుతుందట. పదిహేడు వందల ఏళ్ళ కిందట మలుపు, పండగ ఒకే రోజున వచ్చేవి. ఇప్పుడు ఇరవై నాలుగు రోజుల ఎడం వచ్చింది," అన్నాను.

"ఏ యూనివర్సిటీ కేశవులూ మనది?" అన్నాడు పరాంకుశం.

"జిల్లా పరిషత్ బడి సార్. ఏడో తరగతి."

నలుగురూ నవ్వారు. ఒకడికి టీ పొలమారింది.

"నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు పరాంకుశం. "పండగ నాటికి రేకుల వంపులో తేడా ఎంత? రెండు డిగ్రీలు. రెండు డిగ్రీలకు కొంపలేం మునగవు. జనానికి పండగంటే నమ్మకం. మంత్రిగారికి జనమంటే నమ్మకం. నువ్వు నీడ కొలుచుకో."

ఆయనకు తెలుసు. అందుకే ఆయనంటే నాకు రోత. తెలియక చేసినవాణ్ణి తిట్టి వదిలేయొచ్చు.

"పోనీ ఆ రోజే మొదలుపెట్టండి సార్. కాకపోతే ఇరవై అయిదో మెట్టు నుంచి మొదలుపెట్టండి," అంది ఇందుమతి.

"'మొదటి మెట్టు మంత్రిగారి చేతిమీదుగా' అని బోర్డు రాయించాక ఇరవై అయిదో మెట్టు ఏమిటమ్మా?"

సంక్రాంతి నాడు మంత్రి మీట నొక్కాడు. రేకులు మొదటి మెట్టు కదిలాయి. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

జనవరిలో ఏమీ కాలేదు. మలుపు దగ్గర సూర్యుడు మెల్లగా నడుస్తాడు. ఇరవై నాలుగు రోజుల్లో నీడ మూడంగుళాలు తగ్గుతుంది, అంతే. మార్చిలో అదే ఇరవై నాలుగు రోజుల్లో తొమ్మిదంగుళాలు తగ్గుతుంది. నా సిమెంటు మీద గీతలు చూస్తే చిన్నపిల్లవాడికైనా అర్థమవుతుంది. కొసన గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. నడుమ ఎడంగా ఉంటాయి. జనవరిలో రెండు డిగ్రీలున్న తప్పు మార్చి నాటికి తొమ్మిది డిగ్రీలైంది. పరాంకుశం రెండు ఎప్పటికీ రెండే అనుకున్నాడు.

మార్చి పదకొండున కడ్డీకి రెండో నీడ పడింది. సూర్యుడి నీడ పక్కన, పలచగా, మరో నీడ. ఆఫీసు ఫారంలో నీడకు ఒకటే గడి ఉంది. పక్కన 'సాధారణం, అసాధారణం' అని రెండు మాటలు. అసాధారణం కింద గీత గీసి పంపాను. ఫారం వెనక్కి వచ్చింది. 'సరిచేసి పంపగలరు' అని ఎర్ర సిరాతో రాసి ఉంది. సరిచేశాను. ఆ తర్వాత రోజూ సాధారణం అనే రాసి సంతకం పెట్టాను. రెండో నీడను నా సొంత పుస్తకంలో రాసుకున్నాను. ఉద్యోగం పోగొట్టుకోకుండా నిజం దాచుకోవచ్చనుకునే వెధవలు ఉంటారు. నేనొకణ్ణి.

ఊరు మాత్రం తక్కువ తిన్నదా? గొడుగు కింద చల్లబడేసరికి కళ్ళాల్లో మిరపకాయ ఆరలేదు. బూజు పట్టింది. అదే సమయానికి వాగుకూ గుట్టకూ మధ్య, బడి ఆవరణను కూడా కలుపుకుని, రెండు వందల గజాల వెడల్పున ఒక పట్టీ మీద రెండో ఎండ పడటం మొదలైంది. ఊళ్ళో దానికి జోడెండ అని పేరు పెట్టారు. ఆ పట్టీలో పోసిన కాయ రెండు రోజుల్లో గలగలలాడింది. పున్నయ్య అందరికంటే ముందు తన కళ్ళం అక్కడికి మార్చాడు. వారంలో మిగతా ఆసాములూ మార్చారు. కాయ ఎండుతున్నచోటే ఆడవాళ్ళు కూర్చుని తెల్లబడి చెడిన తాలు కాయ ఏరాలి. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

నేను పున్నయ్యతో చెప్పాను.

"అది రేకుల తప్పు పున్నయ్యా. ఏ రోజుకారోజు పెరుగుతోంది. అందులో మనుషుల్ని కూర్చోబెట్టమాక."

"దేవుడిచ్చిన ఎండకే ఏడిసేవోళ్ళం. ఇప్పుడు సర్కారు రెండో ఎండ ఇత్తంటే నీకు కడుపుమంట ఏందయ్యా? పోయి నీ కడ్డీ కొలుసుకో," అన్నాడు.

మే ఏడు. మా ఊళ్ళో ఆ రోజు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మధ్యాహ్నం కడ్డీకి నీడ ఉండదు. ఏటా అంతే.

తిరపతమ్మ పొద్దున్నే చద్దన్నం తిని తలకు తువ్వాలు చుట్టుకుంటోంది.

"ఇయ్యాల పోమాకే," అన్నాను. "ఇయ్యాల సూర్యుడు నడినెత్తికొత్తాడు."

"నీ సూర్యుడు ఏనాడు దిగాడయ్యా నెత్తి మీద నుంచి? లారీ వత్తందంట. తాలు ఏరకపోతే మూటలు ఆగిపోతాయని పున్నయ్య నిన్నటి నుంచీ ఒకటే మొత్తుకోవటం."

"ఆ జోడెండలో కూకోమాక. నే చెప్తన్నా ఇను."

"నువ్వు రోజూ సాధారణం అని రాసి పంపుతన్నావుగా? సాధారణానికే ఇంత భయపడితే ఎట్టయ్యా మగాడా?"

నవ్వింది. చేట చంకన పెట్టుకుని పోయింది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

మధ్యాహ్నం కడ్డీ దగ్గర నిలబడ్డాను. సూర్యుడి నీడ కడ్డీ మొదట్లోకి ముడుచుకుని మాయమైంది. కానీ సిమెంటు మీద నీడ ఉంది. ఉత్తరానికి, నల్లగా, అంచులు తేరి. ఇదివరకటిలా పలచన కాదు. టేపు పెట్టాను. పధ్నాలుగు అంగుళాలు. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాను. పధ్నాలుగే. పుస్తకం తెరిచి మొదటి గడిలో సున్న వేశాను. రెండో గడిలో పధ్నాలుగు రాశాను. అప్పుడు వినిపించాయి కేకలు, వాగు వైపు నుంచి.

ఆ నీడ చూడగానే కొలవకుండా పరుగెత్తాల్సింది. రెండోసారి అసలు కొలవకుండా ఉండాల్సింది.

నేను పోయేసరికి ముగ్గురిని తాటాకు చాప మీదికి లాగారు. తిరపతమ్మ ఒంటి మీద చెమట చుక్క లేదు. చెయ్యి పట్టుకుంటే పొయ్యి మీద పెనం పట్టుకున్నట్టుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. గుప్పిట్లో నాలుగు తాలు కాయలు. చుట్టూ జనం తొక్కిసలాడుతున్నారు.

"కాయలు తొక్కమాకండి! జరగండి! కాయలు!" అని అరుస్తున్నాడు పున్నయ్య.

ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆటో వచ్చేలోపు ముగ్గురూ పోయారు.

నేను ఆఫీసుకు వెళ్ళి చెప్పాను. రాశాను. ఇందుమతి కూడా రాసింది. విచారణ వేశారు. విచారణ వాళ్ళు జూన్ ఇరవై ఒకటిన వచ్చారు. రోజు చూసుకుని మరీ వచ్చినట్టుంది. ఉత్తరపు మలుపు దగ్గర సూర్యుడు మళ్ళీ మెల్లగా నడుస్తాడు. తొమ్మిది డిగ్రీల తప్పు తిరిగి రెండు డిగ్రీలైంది. రెండో నీడ లేదు. జోడెండ లేదు. గొడుగు కింద ఊరంతా చల్లగా ఉంది. విచారణ అధికారి కుర్చీలో వెనక్కి వాలి, "బాగుందయ్యా మీ ఊరు," అన్నాడు.

నా పుస్తకం తిప్పి మే ఏడు దగ్గర ఆగాడు.

"ఇక్కడ సున్న ఉంది. ఆ రోజు కొలవలేదా?"

"కొలిచాను సార్. సున్న వచ్చింది."

"ఎండలో నిలబెట్టిన కడ్డీకి నీడ లేకుండా ఎట్లా ఉంటుంది?"

"ఆ రోజు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు సార్. నీడ ఉండకూడదు. కానీ పక్క గడి చూడండి. పధ్నాలుగు అంగుళాలు. ఉండకూడని రోజున నీడ ఉందంటే అది సూర్యుడిది కాదు. రేకులది."

"మా ఫారంలో పక్క గడి లేదు కదా," అన్నాడు. నా ఫారాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో, ఇది నీ సంతకమేగా? మే ఏడు. సాధారణం. చనిపోయిన మూడో రోజున నింపి పంపావు."

నా సంతకమే. దినం పనుల్లో ఉన్నాను. ఆఫీసు నుంచి మనిషి వచ్చి నిలబడ్డాడు. నెల మొత్తానికీ ఒకేసారి పెట్టించుకుపోయాడు.

"సెప్టెంబరులో రండి సార్. తప్పు మళ్ళీ తొమ్మిది డిగ్రీలు అవుతుంది. మీ కళ్ళతోనే చూడొచ్చు."

"సెప్టెంబరులో మాకు వేరే విచారణ ఉంది."

తగిన జాగ్రత్త తీసుకోకుండా ఎండలో పనిచేయడం వల్ల ముగ్గురు మహిళలు మరణించారని నివేదిక. తప్పు తిరపతమ్మదైంది.

ఆగస్టు చివర రెండో నీడ తిరిగి వచ్చింది. సెప్టెంబరు అయిదున పక్క ఊళ్ళో రెండు గేదెలు పడిపోయాయి. వాటిని కాసే మనిషీ పడ్డాడు. మనిషి బతికాడు. అప్పుడు కదిలాడు పరాంకుశం. మెట్లు జరపాలంటే పై ఆఫీసు నేల మీద కొలిచిన అంకెలు అడిగింది. ఆయన ఫారాలన్నీ సాధారణం. అంకెలున్నది నా పుస్తకంలోనే.

"ఇచ్చెయ్ కేశవులూ," అన్నాడు మళ్ళీ. "రేపటికల్లా ఇరవై నాలుగు మెట్లు జరిపిస్తాను. పుస్తకం నా దగ్గరే భద్రంగా ఉంటుంది."

భద్రంగా ఎక్కడుంటుందో నాకు తెలుసు. ఇస్తే రేకులు సర్దుకుంటాయి, తప్పు జాడ లేకుండా పోతుంది, తిరపతమ్మ తన ఒళ్ళు తాను చూసుకోలేక చచ్చినదిగా మిగులుతుంది. ఇవ్వకపోతే ఈ నెలలో జోడెండే సాక్ష్యం చెబుతుంది. దానికి ఎవరో ఒకరు మళ్ళీ చాప మీద పడుకోవాలి.

"పుస్తకం ఇవ్వను. అంకెలు ఇస్తాను. మీ చేత్తో రాసుకోండి. రెండు ప్రతులు. ప్రతి కాగితం కింద సంతకం," అన్నాను.

"దానికేముంది," అని జేబులోంచి కలం తీశాడు.

"ఇక్కడ కాదు. పున్నయ్య కళ్ళంలో."

వాచీ చూసుకున్నాడు. పన్నెండు కావస్తోంది. వద్దులే, ఇక్కడే రాయమంటానేమో అన్నట్టు నా ముఖంలోకి చూశాడు. నేను చాప చంకన పెట్టుకుని బయలుదేరాను. ఆయన కారులోనే ఆగిన ఇందుమతి కూడా దిగి మా వెనక వచ్చింది.

పట్టీ మే నెలకన్నా కాస్త జరిగింది కానీ కళ్ళం ఇంకా దాని అంచునే ఉంది. చాప పరిచాను. ఆయన కూర్చున్నాడు. చాప మీద ఆయనకు రెండు నీడలు పడ్డాయి. నేను చదివాను, ఆయన రాశాడు. మార్చి పదకొండు, మూడున్నర. మార్చి పన్నెండు, నాలుగు. ఏప్రిల్ సగానికి వచ్చేసరికి చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. అక్షరాలు వంకర పోయాయి.

"కొంచెం నీడకు పోదాం," అన్నాడు.

"మా ఆవిడ నాలుగున్నర గంటలు కూర్చుంది సార్. మీరు కూర్చుని అరగంట. రాయండి. మే ఏడు. సూర్యుడి నీడ సున్న. రెండో నీడ పధ్నాలుగు అంగుళాలు. కారణం: రేకులు ఇరవై నాలుగు మెట్లు వెనకబడి ఉండటం."

కలం ఆగింది.

"కారణం నీ పుస్తకంలో లేదు కదా."

"లేదు. మీ దగ్గరుంది. రాయండి."

ముక్కు కొన నుంచి చెమట కారి సంఖ్యల మీద పడింది. రాశాడు. సంతకం పెట్టాడు. రెండో ప్రతి కూడా రాసి పెట్టాడు.

"మంచినీళ్ళు ఉంటే ఇప్పించండి," అన్నాడు.

మొదటిసారి నన్ను 'మీరు' అన్నట్టు మాట్లాడాడు. ఇచ్చాను.

మర్నాటి మధ్యాహ్నం రెండో నీడ పోయింది. 'సాంకేతిక మెరుగుదల' అని పేపర్లో వచ్చింది, పరాంకుశం ఫోటోతో. ఒక ప్రతి విచారణ ఆఫీసుకు రిజిస్టరు పోస్టు చేశాను. ముట్టినట్టు కాగితం వచ్చింది. జవాబు రాలేదు. రెండోది తిరపతమ్మ చీరల కింద, ట్రంకుపెట్టెలో పెట్టాను.

అయిపోయిందనుకున్నాను. డిసెంబరులో కొత్త ఆహ్వానపత్రిక అచ్చయింది. రెండో ఏడాది కూడా మొదటి మెట్టు పెద్దపండగ నాడే, మంత్రిగారి చేతిమీదుగా. అంతవరకు రేకులు కదపరాదని ఆర్డరు. ముగ్గురు చచ్చినా బోర్డు మారలేదు.

ఇరవై రెండున ట్రంకుపెట్టెలోని కాగితం తీసుకుని ఆఫీసుకు పోయాను. పరాంకుశం బల్ల మీద పెట్టాను. చెయ్యి మాత్రం దాని మీద నుంచి తీయలేదు. పక్కన ఇందుమతి నిలబడింది.

"ఇవాళ మలుపు సార్," అంది.

పరాంకుశం తన రాత తాను చదువుకున్నాడు. మే ఏడు దగ్గర ఆగాడు. సొరుగు లాగి రేకులు కదిపే గది తాళంచెవి ఆమె వైపు నెట్టాడు. నెట్టి కిటికీ వైపు తిరిగాడు.

"మంత్రిగారికి మాత్రం తెలియకూడదు," అన్నాడు.

జనవరి పదిహేను. బడి అవతల మైదానంలో షామియానా వేశారు. ముందు వరసలో పున్నయ్య పూలదండ పట్టుకుని కూర్చున్నాడు. మంత్రి మీట నొక్కాడు. ఆ మీటకు తీగ లేదు. రేకులు అప్పటికే ఇరవై నాలుగు మెట్లు దాటాయి. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. కడ్డీ దగ్గర టేపు పట్టుకుని నిలబడ్డాను.

సూర్యుడి నీడ ముప్పై ఏడు అంగుళాలు. ఫారం తీశాను. అందులో ఇప్పటికీ ఒకటే గడి. స్కేలు పెట్టి పక్కన ఇంకో గడి గీశాను. అందులో సున్న వేశాను. కొలిచే వేశాను.